కుర్చీ దిగని టార్చిలైటత్త

ముందే చెప్పేస్తున్నాను. ఈ కథలో నేను కల్పించింది ఆవగింజంత కూడా లేదు. ఉన్నదని తేలితే నా మీసం సగం గొరిగించుకుని నడిబజారులో పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా తిరుగుతాను. నా నోట అబద్ధం రావడమంటే ఇసుకలోంచి నూనె రావడమే. మా వీధి పిల్లలు కూడా "తాతా, నిజం చెప్పు" అని నన్నెప్పుడూ అడగరు. అడిగి లాభం లేదని వాళ్లకు తెలుసు.

ఇక వినండి.

ఒక వ్యాను డ్రైవరుండేవాడు. నెమ్మదైన మనిషి. హారన్ కొట్టాల్సి వచ్చినా ముందు "కొట్టనా?" అని పక్కవాణ్ణి అడిగే రకం. అతను పనిచేసేది ఒక సేవాసంఘంలో. నడవలేని బీదవాళ్లకు చక్రాల కుర్చీలు ఉచితంగా పంచడం ఆ సంఘం పని. కుర్చీలకు డబ్బు ఊరి సభ ఇచ్చేది. ఊరి సభకు ఆ డబ్బు ఊళ్లోవాళ్లు కట్టే పన్నుల్లోంచి వచ్చేది. పన్ను కట్టినవాళ్లలో మన డ్రైవరు అత్తగారూ ఒకరు. పేరు మాత్రం సంఘం అధ్యక్షుడికి వచ్చేది. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని సామెత ఉంది కదా. ఇక్కడ అత్తా ఉంది, అల్లుడూ ఉన్నాడు, దానం మాత్రం మూడోవాడు చేసుకుపోతున్నాడు.

ఆ మూడోవాణ్ణి ఊళ్లో అందరూ ఫొటోల పెద్దాయన అనేవాళ్లు. పక్క వీధిలో ఎవరైనా కెమెరా పైకెత్తితే చాలు, ఇక్కడ ఈయన మెడ దానంతటదే అటు తిరిగేది. సంఘం ఆఫీసు గోడల నిండా ఆయన ఫొటోలే. గడియారం తగిలించడానికి జానెడు జాగా మిగల్లేదు. లోపలున్నవాళ్లకు టైమెంతయిందో తెలియాలంటే వీధిలోకొచ్చి ఎదుటి మందుల షాపువాణ్ణి అడగాలి.

ఇంత పెద్ద సంఘం దగ్గర ఉన్న చక్రాల కుర్చీలు ఎన్ని? ఒక్కటి.

నమ్మరని తెలుసు. డ్రైవరు కూడా మొదట్లో నమ్మలేదు. ఏటా ఒక పంపిణీ సభ జరిగేది. వేదిక ఎడమ పక్కనుంచి ఒక మనిషి ఎర్ర కుర్చీలో కూర్చుని వచ్చేవాడు. పెద్దాయన అతని భుజం మీద చెయ్యి వేసేవాడు, ఫొటో తళుక్కుమనేది, జనం చప్పట్లు కొట్టేవాళ్లు, కుర్చీ కుడి పక్కనుంచి లోపలికి వెళ్లిపోయేది. తెర వెనక ఆ మనిషిని దించి ప్లాస్టిక్ కుర్చీలో కూలేసి, "మీది ఇంటికి పంపిస్తాం" అని చెప్పేవాళ్లు. ఎర్ర తొడుగు ఊడబెరికి నీలం తొడుగు తొడిగి, ఆ కుర్చీనే చుట్టూ తిప్పి మళ్లీ ఎడమ పక్కకు తెచ్చి, ఇంకొకర్ని ఎక్కించేవాళ్లు. ఆ తర్వాత ఆకుపచ్చ. ఆ తర్వాత పసుపు. తొడుగులు కుట్టించడంలో మాత్రం సంఘం ఏనాడూ పిసినారితనం చూపించలేదు.

ఒక్కటే ఇబ్బంది. ఎడమ చక్రం కీచుమనేది. ఎర్ర కుర్చీ కీచుమనేది, నీలం కుర్చీ అదే రాగంలో కీచుమనేది. రంగులు మార్చగలిగారు గానీ గొంతు మార్చలేకపోయారు.

ఈ దించడం, తిప్పడం, ఎక్కించడం అంతా డ్రైవరు పనే. సభ అయిపోయాక ఏడాదంతా ఇంకో పని ఉండేది. వ్యాను కనిపించగానే కర్రలు టకటకలాడించుకుంటూ వచ్చి "నాయనా, మా కుర్చీ?" అని అడిగేవాళ్లకు జవాబు చెప్పడం. "సరుకు దారిలో ఉంది" అనేవాడు. అలా అని అని, ఊళ్లో సగం సందుల్లోకి వ్యాను తిప్పే మొహం లేకుండా పోయింది. బడి పక్కనున్న పెట్రోలు బంకుకు వెళ్లాలంటే ఊరవతలి వంతెన చుట్టి వెళ్లేవాడు. జీతం అడిగితే సంఘం కార్యదర్శి, ఇస్త్రీ నలగని ఒక నిలువెత్తు ఆడమనిషి, "సేవ చేసేవాళ్లు జీతమడిగితే ఎలాగయ్యా?" అని సగం చేతిలో పెట్టేది. మిగతా సగం కూడా దారిలో ఉందని డ్రైవరు సరిపెట్టుకునేవాడు. ఆ సగంతోనే ఇంటి అద్దె తీరుతోంది మరి.

ఇప్పుడు అత్తగారి సంగతి.

ఆవిణ్ణి ఊరంతా టార్చిలైటత్త అంటుంది. పెళ్లయిన ఏడాది నుంచి తల నెరిసేదాకా ఊళ్లో సినిమా హాల్లో టార్చిలైటు పట్టుకుని జనాన్ని సీట్లలో కూర్చోబెట్టింది. కూర్చోబెట్టడం ఎవరైనా చేస్తారు. లేపడంలో ఉంది విద్య. బెంచీ టికెట్టు కొని సోఫాలో కూర్చున్నవాడు, ఒక ఆట చూసి రెండో ఆటకు కూడా కదలనివాడు, మేనేజరు బావమరిదినని చెప్పేవాడు, ఎవడైనా సరే, మొహమ్మీద టార్చి వేసి "లే" అంటే లేవాల్సిందే. ఒకసారి గోడ మీద పోస్టర్లోని విలన్ మీద టార్చి వేసి లేవమంటే ఆ పోస్టర్ గోడ నుంచి ఊడి కిందపడిందని చెప్పుకుంటారు. నేను చూడలేదు, కాబట్టి దాని గురించి ఏమీ అనను.

అలాంటి మనిషి పోయిన వానాకాలంలో మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఎముక అతికింది గానీ కాలు మాట వినలేదు. అప్పట్నుంచి కూతురింట్లో వెనక గదే లోకం. ఆ గదికి ఒకే కిటికీ, కిటికీకి ఎదురుగా పక్కింటి గోడ. జీవితమంతా వందల మొహాలు చూసిన మనిషికి గోడొక్కటే మిగిలింది. ఆ గోడ మీది పగుళ్లకు పాత ప్రేక్షకుల పేర్లు పెట్టుకుని వాటితో పోట్లాడుతూ ఉండేది. సందు మొగలో కూతురి టీ దుకాణం ఉంది. అక్కడ ఒక మూల కూర్చుని వచ్చేపోయేవాళ్లను చూస్తే చాలని ఆవిడ కోరిక. పెద్ద కోరికేం కాదు. చక్రాల కుర్చీ ఉంటే అయిదు నిమిషాల దారి.

డ్రైవరు పెళ్లాం ఊరుకుంటుందా?

"ఏమయ్యా, ఊరందరికీ కుర్చీలు మోసే మొగుడివి, మా అమ్మకొకటి తేలేవా? దీపం కింద చీకటంటే ఇదే."

"అడుగుతానే..."

"అడగడానికి నోరేదీ నీకు? అది కూడా దారిలోనే ఉందా?"

ఉన్నది ఒక్కటేనని చెబితే, టీ దుకాణంలో చెప్పినట్టే. టీ దుకాణంలో చెబితే ఊళ్లో దండోరా వేసినట్టే. ఉద్యోగం ఊడుతుంది. అందుకని డ్రైవరు నీళ్లు నములుతూ కాలం గడిపాడు.

విసిగిపోయి పెళ్లామే ఒకరోజు మొగుడికి చెప్పకుండా సంఘం ఆఫీసుకు వెళ్లి అమ్మ సంగతి చెప్పింది. కార్యదర్శి వచ్చి అత్తను చూసింది. కాలు చూడలేదు. మొహం చూసింది.

"బుగ్గలు బాగా లోపలికి పోయాయి, కళ్లలో నీళ్లున్నాయి. ఫొటోకి అద్భుతంగా ఉంటుంది. ఈసారి మొట్టమొదట ఈవిణ్ణే పిలుద్దాం" అంది.

కళ్లలో నీళ్లు పొయ్యి పొగ వల్ల వచ్చినవి. అది వదిలేయండి. ఆవిడ తమ డ్రైవరుకు అత్తగారన్న సంగతి కార్యదర్శికి తెలియదు. డ్రైవరుకు వ్యానూ రెండు చేతులే కాక ఇల్లూ వాకిలీ కూడా ఉంటాయన్న ఆలోచన ఆవిడకెప్పుడూ రాలేదు. ఆ సంఘం చేసిన తప్పులన్నిటిలోకీ పెద్దది ఇదే.

సభ రోజు పొద్దున్నే డ్రైవరును పిలిచి చెప్పింది. "టీ దుకాణం సందులో ఆఖరిల్లు. ముసలావిడ. జాగ్రత్తగా తీసుకురా. దార్లో నవ్వించకు, మొహం పాడవుతుంది."

డ్రైవరు బుర్ర అప్పటికే ఆ రోజు పనులతో నిండిపోయి ఉంది. ఈ అడ్రసు ఎక్కడో విన్నట్టుందే అనుకుంటూ బయల్దేరాడు. సందు మలుపు తిరిగాక గానీ అది తన ఇల్లేనని తట్టలేదు. గుమ్మంలో పెళ్లాం నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది.

"చూశావా? నువ్వడగలేనిది నేనడిగి తెచ్చుకున్నా."

డ్రైవరు గుండె జారి బ్రేకు మీద పడింది.

అత్తను ఎత్తి వ్యాను ముందు సీట్లో కూర్చోబెట్టాడు. ఆవిడ మంచి చీర కట్టుకుంది. ఒళ్లో తన పాత సంచీ పెట్టుకుంది. నెలల తర్వాత వీధి చూస్తున్న మనిషి, కిటికీలోంచి తల సగం బయటపెట్టి, కనిపించిన ప్రతివాడి మీదా వ్యాఖ్యానం చెబుతోంది. "వాడు చూశావా అల్లుడూ, బట్టతలొచ్చింది. నా హాల్లో ఎప్పుడూ అర టికెట్టు మీద చొరబడేవాడు, ఇప్పటికి వయసొచ్చింది."

ఆ సంతోషం చూస్తూ డ్రైవరు ఇంక దాచలేకపోయాడు. మెయిన్ రోడ్డెక్కేలోగా ఉన్నదంతా కక్కేశాడు. కుర్చీ ఒకటే. తొడుగులు మారతాయి. ఫొటో అయ్యాక దిగిపోవాలి.

"ఎవరు దిగాలి?"

"మీరే అత్తయ్యా."

"దిగి నడిచే కాళ్లుంటే కుర్చీతో నాకేం పని నాయనా?"

డ్రైవరు సరిగ్గానే ఉన్న అద్దాన్ని మళ్లీ సర్దాడు.

"ఆనక ఇంటికి పంపిస్తారా?"

"పంపరు."

"నా తర్వాత ఎక్కేవాళ్లకీ సంగతి తెలుసా?"

"తెలీదు."

"ఎంతమందికి చెప్పావు నాయనా, దారిలో ఉందని?"

డ్రైవరు గేరు మార్చాల్సిన చోట వైపర్లు వేశాడు. అత్త కాసేపు వైపర్లనే చూస్తూ కూర్చుంది.

"మా హాల్లో ఒక్క సీటు ఇద్దరికమ్మితే జనం బుకింగ్ గుమస్తా కాలర్ పట్టుకునేవాళ్లు. మీవాళ్లు ఒక్క సీటు ఊరందరికీ అమ్మి చప్పట్లు కొట్టించుకుంటున్నారు. మొనగాళ్లే!"

"నేను దించకపోతే ఉద్యోగం పోతుందత్తయ్యా. అద్దె కట్టాలి."

"సరే, చూద్దాంలే" అంది అత్త. ఆ "చూద్దాంలే" విన్నాక డ్రైవరుకు ధైర్యం రావాల్సింది పోయి ఉన్నది కాస్తా జారిపోయింది.

సభ జరిగేది ఎక్కడనుకున్నారు? పాత సినిమా హాల్లోనే. సినిమాలు మూతపడ్డాక దాన్ని సభలకు అద్దెకిస్తున్నారు. తెర ఉన్న చోట వేదిక కట్టారు. లోపలికి అడుగుపెట్టగానే అత్త గాలి పీల్చి, "ఇంకా అదే ఎలుకల వాసన" అని మురిసిపోయింది.

ముందు వరసలో ఊరి సభ పంపిన తనిఖీ అధికారిణి కూర్చుని ఉంది. కొత్తగా వచ్చిన మనిషి. పాత అధికారి ఆఫీసులోనే ఫొటోలు చూసి సంతకం పెట్టేవాడు. ఈవిడ స్వయంగా వచ్చింది. ముక్కు ఎర్రబడి, జేబురుమాలు చేతిలో పెట్టుకుని, జలుబుతో తల వాల్చి కూర్చుంది. ఈ మనిషితో ప్రమాదమేమీ లేదని పెద్దాయన ఒక చూపులోనే తేల్చుకున్నాడు.

"అన్ని కుర్చీలూ ఇవాళే ఇస్తారా?" అని ఆవిడ ముక్కుతో అడిగింది.

"అన్నీ! మీ కళ్లముందే!" అన్నాడు పెద్దాయన, కెమెరా వైపు చూస్తూ.

సభ మొదలైంది. ఎర్ర తొడుగు కుర్చీలో అత్తను కూర్చోబెట్టి డ్రైవరు కీచు కీచుమని వేదిక మీదికి తోసుకొచ్చాడు. పెద్దాయన భుజం మీద చెయ్యి వేశాడు. ఫొటో తీసేవాడు "మామ్మా, కొంచెం ఏడుపు" అన్నాడు. అత్త ఉన్న నాలుగు పళ్లూ బయటపెట్టి నవ్వింది.

"తల్లీ! ఈ కుర్చీ ఈ క్షణం నుంచి నీది!" అన్నాడు పెద్దాయన మైకులో.

"వినపళ్లేదు బాబూ."

"నీది తల్లీ! నీ సొంతం!"

"వెనక వరసవాళ్లకి కూడా వినపడాలి కదా. ఎవరిదీ?"

"నీదే! నీదే! ఎవరూ తీసుకోలేరు!" అని పెద్దాయన గొంతు చించుకున్నాడు. హాలంతా చప్పట్లు. డ్రైవరు కుర్చీని కుడి పక్కనుంచి లోపలికి తోసేశాడు.

తెర వెనక మసక వెలుతురు. అవతల ఎడమ పక్క, ప్లాస్టిక్ కుర్చీల్లో మిగతావాళ్లు తమ వంతు కోసం కూర్చుని ఉన్నారు. కాళ్లు చచ్చుబడిన ఒక దర్జీ ఉన్నాడు, గచ్చు పనిలో నడుం పోయిన తాపీమేస్త్రి ఉన్నాడు, ఇంకా చాలామంది. కార్యదర్శి నీలం తొడుగు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"దిగండి మామ్మగారూ, త్వరగా!"

అత్త చెవి దగ్గర చెయ్యి పెట్టింది. "ఆఁ?"

"దిగమంటున్నా!"

"నాకా? తిన్నానమ్మా, ఇంట్లోనే తిని బయల్దేరా."

కార్యదర్శి సైగ చేసి చూపించింది. అత్త కళ్లు మూతలు పడ్డాయి, తల పక్కకు వాలింది, సన్నగా గురక మొదలైంది. డ్రైవరుకు అర్థమైంది. ఇన్నేళ్లు తన టార్చి కింద జనం వేసిన వేషాలన్నీ ఆవిడ ఒక్కొక్కటిగా తీస్తోంది. చెవిటి వేషం, నిద్ర వేషం అయ్యాయి. కార్యదర్శి భుజం పట్టి ఊపేసరికి మూడోది బయటికొచ్చింది.

"ఉండమ్మా, మావాడు బయటికెళ్లాడు. వాడొచ్చాక లేస్తా."

"ఎవరు మీవాడు?"

"మా అల్లుడు."

అల్లుడు రెండడుగుల దూరంలో నిలబడి, హాలు కప్పు మీద ఏదో చాలా ముఖ్యమైన విషయం రాసి ఉన్నట్టు పైకి చూస్తున్నాడు.

వేదిక మీద రెండో కుర్చీ రాలేదు. పెద్దాయన సేవ గురించి మాట్లాడాడు, అయిపోయింది. మానవత్వం గురించి మాట్లాడాడు, అదీ అయిపోయింది. ఎడమ పక్క చూశాడు, ఎవరూ లేరు. తన చిన్నతనం ఎత్తుకున్నాడు. తనకు పాకడం ఎప్పుడొచ్చింది, పళ్లెప్పుడొచ్చాయి దాకా వెళ్లాడు. వెనక బెంచీల్లోంచి ఒక ఈల వినిపించింది. పాత సినిమా హాలు కదా, రీలు ఆగితే ఏం చెయ్యాలో ఆ గోడలకు కూడా తెలుసు. ఇంకో ఈల. ఆ తర్వాత కాళ్లతో నేల తన్నడం మొదలైంది.

కార్యదర్శి డ్రైవరు మీదికి తిరిగింది. "ఏయ్ డ్రైవరూ! బెల్లం కొట్టిన రాయిలా చూస్తావేంటి? ఎత్తి అవతల కూర్చోబెట్టు. లేదా రేపట్నుంచి రావక్కర్లేదు. బాకీ జీతం కూడా మర్చిపో."

డ్రైవరు ముందుకొచ్చాడు. అత్త చంకల కింద చేతులు పెట్టాడు. ఇన్నాళ్లూ ఎంతమందినో ఇలాగే దించాడు. మనిషి బరువు చేతులకు తెలుసు, మొహాలు చూడకుండా దించడం ఎప్పుడో నేర్చుకున్నాడు. అత్త కళ్లు తెరిచింది. ఈసారి వేషం వెయ్యలేదు.

"మెల్లిగా అల్లుడుగారూ, విరిగింది ఈ పక్క తుంటి" అంది నెమ్మదిగా. "ఇంటికెళ్లాక ఆ గోడవైపే కూర్చోబెట్టండి. అలవాటైపోయింది."

డ్రైవరు చేతులు అక్కడే ఆగిపోయాయి. తర్వాత వెనక్కొచ్చాయి.

"మేడమ్, నేను దించను. ఈవిడ మా అత్తగారు."

కార్యదర్శి నోరు తెరుచుకుంది. "నీకు అత్తగారు కూడా ఉందా?" అంది, మా వ్యానుకు రెక్కలున్నాయా అన్నట్టు.

"ఇది నా సీటు కాదంటే, నా సీటేదో చూపించమ్మా. పోయి దాంట్లో కూర్చుంటా" అంది అత్త. చూడబోతే చిన్నమాటే. సినిమా హాల్లో దీనికి జవాబు లేకే మేనేజర్లు పారిపోయేవాళ్లట.

అవతల దర్జీ మెడ చాపాడు. "అవునమ్మా, మావేవీ? మేమూ చూడాలి కదా."

"ఎర్రదైతే నాకొద్దు, నీలంది చూపించండి" అన్నాడు తాపీమేస్త్రి.

సరిగ్గా అప్పుడు తెర పక్కకు జరిగి తనిఖీ అధికారిణి లోపలికొచ్చింది. ముక్కు తుడుచుకుని, "రెండో కుర్చీ ఆలస్యమైందేం?" అంది.

కార్యదర్శి క్షణంలో నవ్వు అతికించుకుంది. "దారిలో ఉన్నాయి మేడమ్. వ్యానులో వస్తున్నాయి."

"వ్యాను ఎవరు తోలుతున్నారు?"

"మా డ్రైవరే, ఇతనే" అంది కార్యదర్శి, అలవాటుకొద్దీ వేలు చూపించి.

అధికారిణి డ్రైవరును పైనుంచి కిందిదాకా చూసింది. "ఇతనిక్కడున్నాడు కదా. మరి వ్యానెలా వస్తోంది?"

కార్యదర్శి డ్రైవరు వైపు కళ్లెగరేసింది. ఇంకొకడు తోలుతున్నాడని చెప్పు, తమ్ముడని చెప్పు, ఏదో ఒకటి చెప్పు, అని ఆ కనుబొమలు బతిమాలుతున్నాయి. ఒక చిన్న అబద్ధం. ఇప్పటిదాకా చెప్పినవాటి పక్కన అదొక లెక్కా? ఇంటి అద్దె డ్రైవరు కళ్లముందు ఒకసారి తిరిగింది. దాని వెనకే పక్కింటి గోడ కూడా తిరిగింది.

"వ్యాను బయటే ఉంది మేడమ్, ఖాళీగా" అన్నాడు. గొంతు కీచుమంది. "దారిలో ఏవీ లేవు. ఎప్పుడూ లేవు. నేనే అందరికీ అబద్ధం చెప్పాను."

అత్త సంచీలోకి చెయ్యి పెట్టి పాత టార్చి తీసింది. అది ఎంత పాతదంటే, పట్టుకున్న చోట రంగుపోయి ఆవిడ వేళ్ల అచ్చు పడి ఉంది. మీట నొక్కగానే తెల్లటి వెలుగు ఆ మసకలోకి దూసుకుపోయింది. కుడి నుంచి ఎడమకు, నిదానంగా. ఇక్కడ కుర్చీ లేదు. అక్కడా లేదు. వరసగా ప్లాస్టిక్ కుర్చీలూ, వాటిలో ఎదురుచూసే మొహాలూ కనిపించాయి. మూలకు పోయి వెలుగు ఆగింది. అక్కడ గుట్టగా తొడుగులు. నీలం, ఆకుపచ్చ, పసుపు, గులాబీ.

"చొక్కాలన్నీ ఉన్నాయమ్మా, పెళ్లికొడుకే ఒక్కడు" అంది అత్త.

అధికారిణి వెళ్లి ఒక తొడుగు తీసి చూసింది. తిరిగొచ్చి అత్త కుర్చీని కాస్త ముందుకు తోసింది. కీచు. వెనక్కి లాగింది. కీచు.

"పోయినేటి సభ వీడియో చూశాను. ప్రతి కుర్చీ ఇలాగే అరిచింది. నా చెవుల్లో జలుబేమో అనుకున్నా" అంది.

ఆ తర్వాత ఆవిడ గట్టిగా ఒక్క మాట కూడా అనలేదు. అందర్నీ వేదిక మీదికి తీసుకురమ్మంది, అంతే. డ్రైవరు అత్తను తోసుకొచ్చాడు. ముందు వరసలవాళ్లు లేచొచ్చి దర్జీనీ, మేస్త్రినీ, మిగతావాళ్లనూ ప్లాస్టిక్ కుర్చీలతో సహా మోసుకొచ్చి వరసగా పెట్టారు. ఈలలు ఆగిపోయాయి. మాట్లాడి మాట్లాడి అలసి, వేదిక మీదున్న తన ఎత్తు వీపు మెత్తటి కుర్చీలో కూలబడ్డ పెద్దాయన నోటి దగ్గర మైకుతో అలాగే ఉండిపోయాడు. అప్పటికి ఆయన చిన్నతనం రెండో తరగతికి చేరింది.

"వీళ్లకివ్వాల్సిన కుర్చీలెక్కడండీ?" అని అధికారిణి అందరిముందూ అడిగింది. "పోయినేడు ఇచ్చినవి? వాటికి డబ్బు ఊరివాళ్లది. చూపించండి."

పెద్దాయన తేలు కుట్టిన దొంగలా అటూ ఇటూ చూశాడు. "అంటే... ఇప్పుడే బయటికెళ్లాయి. వచ్చేస్తాయి."

ఆ మాట వినగానే అత్త మొహం వెలిగిపోయింది. నలభై ఏళ్లపాటు రోజూ విన్న మాట. టార్చి ఎత్తి పెద్దాయన మొహమ్మీద వేసింది. ఆయన కళ్లు చికిలించాడు.

"టికెట్టు లేని ప్రతివాడూ అదే అంటాడు బాబూ. లే."

పెద్దాయన లేచాడు. ఎందుకు లేచాడో ఆయనకే తెలియదు. కుర్రతనంలో ఈ హాల్లోనే ఎన్నిసార్లు లేచాడో ఆయన కాళ్లకు జ్ఞాపకం ఉండి ఉంటుంది. లేచి, అరచెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని, పక్క మెట్లు దిగి, కుర్చీల వరసల మధ్యగా తలుపుదాకా వెళ్లాడు. ఫొటో తీసేవాడు ఆ నడకంతా తీశాడు. జీవితంలో మొదటిసారి పెద్దాయన కెమెరాకు వీపు చూపించాడు.

తర్వాత లెక్కలు బయటికొచ్చాయి. ఎన్నెన్ని పేజీలో నాకు తెలియదు గానీ, సంఘం ఆఫీసులోని పాలరాతి నేలా, చల్లగాలి మిషన్లూ, పెద్దాయనగారి మెత్తటి కుర్చీ దాకా అన్నీ అమ్మించి ఊరి సభ ఆ డబ్బుతో చక్రాల కుర్చీలు కొనిపించింది. పెద్దాయన స్థానంలో దర్జీని కూర్చోబెట్టారు. అతనికి కుర్చీ కొత్తగా కొనక్కర్లేదు కదా, తనదే తెచ్చుకున్నాడు. ఇకమీద వేదికలూ ఫొటోలూ లేవు, కుర్చీ మనిషి ఇంటికి చేరాకే బిల్లు మంజూరు అన్నారు. డ్రైవరు ఉద్యోగం పోలేదు. అధికారిణి పట్టుబట్టి బాకీ జీతం మొత్తం ఇప్పించింది. ఊళ్లో ఎవరెవరికి అబద్ధం చెప్పాడో అతనొక్కడికే తెలుసు, అందుకే కుర్చీలు చేర్చే పని అతనికే పడింది. అది ఉద్యోగమో శిక్షో ఇప్పటికీ అతను తేల్చుకోలేదు.

మొదటి ఇల్లు బడి పక్కన ఒక ముసలాయనది. డ్రైవరు తలుపు తట్టాడు. "కుర్చీ తెచ్చానండీ."

"దారిలో ఉందా?" అని లోపలినుంచి గొంతు.

"గుమ్మంలో ఉందండీ."

"పోరా అబద్ధాలకోరు!" అని తిట్టి ముసలాయన గడియ బిగించుకున్నాడు. డ్రైవరు కుర్చీని గుమ్మం ముందు అటూ ఇటూ దొర్లిస్తూ చాలాసేపు నిలబడితే గానీ తలుపు వేలెడంత తెరుచుకోలేదు.

ఎర్ర కుర్చీ అత్తకే ఉండిపోయింది. ఎవరూ తీసుకోలేరని మైకులో అందరూ విన్నారు మరి. చక్రానికి నూనె వేస్తానని అల్లుడంటే ఒప్పుకోదు. "అరవనీ. నేనొస్తున్నానని జనానికి తెలియాలి" అంటుంది. ఇప్పుడు రోజూ పొద్దున సందు మొగలో టీ దుకాణం దగ్గర కూర్చుంటుంది. ఒక్క టీ తాగి బెంచీ మీద పూటంతా కూర్చునేవాళ్లకు మనశ్శాంతి కరువైంది. వెనక గదిలో గోడ మీది పగుళ్లు మాత్రం మాట్లాడేవాళ్లు లేక బెంగ పెట్టుకుని ఉంటాయి.

ఇదీ కథ. ఇందులో ఒక్క ముక్క కల్పించలేదన్నాను కదా. ఒకటి కల్పించాను.

టార్చిలో వెలుగు.

ఆ టార్చిలో బ్యాటరీలు అయిపోయి ఏళ్లు గడిచాయి. ఆవిడ దాన్ని ఉత్తినే పైకెత్తి చూపించింది, పాత అలవాటుకొద్దీ అందరి కళ్లూ అటు వెళ్లాయి. కావలసినంత వెలుతురు అక్కడ ముందునుంచీ ఉంది. అప్పటిదాకా అటు చూసినవాళ్లు లేరు, అంతే. పెద్దాయన కళ్లు చికిలించింది మాత్రం అక్షరాలా నిజం. లేని వెలుగుకే చికిలించాడు మహానుభావుడు.

ఇక మీసం సంగతంటారా? ఇచ్చిన మాట తప్పే మనిషిని కాను, కత్తి తెచ్చుకోండి. కాకపోతే నాకు పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి మూతి నున్నగానే ఉంది. ముందు మీరొక మీసం తెస్తే, సగం ఏమిటి, మొత్తం గొరిగించుకుంటాను.